క్యూటీలో ‘డ్రైవర్ నాట్ లోడెడ్’: డెబియన్‌లో మైఎస్‌క్యూఎల్ ప్లగిన్‌ని మనమే బిల్డ్ చేసుకోవడం

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇది. డెబియన్ 12 లినక్స్ మీద ఆన్‌లైన్ ఇన్‌స్టాలర్‌తో క్యూటీ 6.5.3 (సీ++ ప్రోగ్రాంలు రాయడానికి వాడే లైబ్రరీల సమితి) పెట్టుకున్నారు. మైఎస్‌క్యూఎల్ నుంచి చీలి వచ్చిన మరియాడీబీ డేటాబేస్ సర్వర్ కూడా అదే మెషీన్లో నడుస్తోంది. ప్రోగ్రాం నడిపితే ‘క్యూమైఎస్‌క్యూఎల్ డ్రైవర్ నాట్ లోడెడ్’ అంటోంది, అంటే క్యూటీని ఆ డేటాబేస్‌తో కలిపే ప్లగిన్ లోడ్ కాలేదని. విచిత్రమేమిటంటే ఆ కింది వరుసలోనే ‘అవైలబుల్ డ్రైవర్స్’ అని చెబుతూ అందులో క్యూమైఎస్‌క్యూఎల్ పేరు కూడా చూపిస్తోంది. ప్యాకేజీలు వేసే ఆప్ట్ కమాండ్‌తో డెబియన్ వాళ్ల క్యూటీ 6 మైఎస్‌క్యూఎల్ ప్యాకేజీ వేసి చూశారు, మార్పు లేదు. తర్వాత ఎవరో చెబితే లిబ్‌మరియాడీబీ.ఎస్ఓ.3 ఫైలుకి లిబ్‌మైఎస్‌క్యూఎల్‌క్లయింట్.ఎస్ఓ.21 అనే పేరుతో సింబాలిక్ లింక్ (ఫైలుకి మారుపేరు లాంటిది) పెట్టారు. ఇప్పుడేమో ‘వెర్షన్ లిబ్‌మైఎస్‌క్యూఎల్‌క్లయింట్_21.0 నాట్ ఫౌండ్’ అని ఇంకో ఎర్రర్. ప్లగిన్ బిల్డ్ చేయక తప్పదా, చేయాలంటే క్యూటీ మొత్తం కంపైల్ చేయాలా అని అడిగారు.

బిల్డ్ చేయాలి, కానీ ఆ ఒక్క ప్లగిన్‌ని చేస్తే చాలు. క్యూటీ మొత్తం కంపైల్ చేయడం గంటల పని. ప్లగిన్ ఒక్కటీ నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. కమాండ్ల పేర్లు కూడా తెలుగు లిపిలోనే రాస్తున్నాను, టెర్మినల్లో మాత్రం ఇంగ్లిష్ స్పెల్లింగే కొట్టండి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పట్టే చోట విడిగా చెబుతాను.

అన్నిటికంటే ముందు ఆ సింబాలిక్ లింక్ తీసేయండి. తీసేశాక సుడోతో ఎల్‌డీకాన్ఫిగ్ (సిస్టం లైబ్రరీల జాబితాను తాజా చేసే కమాండ్) ఒకసారి నడపండి. ఆ లింకు పని చేయలేదు కాబట్టి మీరు బతికిపోయారు. లైబ్రరీ పేరు చివరున్న 21 అనే అంకె ఊరికే పెట్టింది కాదు. లైబ్రరీ లోపలి స్ట్రక్చర్లు, ఫంక్షన్ల రూపం పాతదానితో పొసగనంతగా మారినప్పుడు ఆ అంకె మారుతుంది. మైఎస్‌క్యూఎల్ 5.7 క్లయింట్‌కి అది 20, 8.0కి 21. క్యూటీ డ్రైవర్ ఈ లైబ్రరీ ఫంక్షన్లను పిలిచి ఊరుకోదు, మైఎస్‌క్యూఎల్_ఫీల్డ్, మైఎస్‌క్యూఎల్_బైండ్ లాంటి స్ట్రక్చర్ల లోపలికి నేరుగా చేయి పెడుతుంది. ఏ హెడర్లతో (ఆ స్ట్రక్చర్ల రూపం చెప్పే ఫైళ్లతో) కంపైల్ అయిందో ఆ కొలతల ప్రకారమే పెడుతుంది. నడిచేటప్పుడు వేరే లైబ్రరీ దొరికితే ఆ కొలతలు కుదురుతాయన్న హామీ ఎక్కడా లేదు.

కొన్నేళ్ల క్రితం ఒక దుకాణం బిల్లింగ్ ప్రోగ్రాంలో నేను సరిగ్గా ఇదే పని చేశాను. అప్పటి లైబ్రరీల్లో ఈ వెర్షన్ తనిఖీ అడ్డు రాలేదు, ప్లగిన్ లోడైంది, నేను సంతోషంగా ఇంటికొచ్చాను. మామూలు సెలెక్ట్‌లన్నీ బాగానే నడిచాయి. ప్రిపేర్డ్ క్వెరీతో బిల్లు ఇన్సర్ట్ చేసే ఒక్కచోట, అదీ అప్పుడప్పుడు మాత్రమే, ప్రోగ్రాం కుప్పకూలేది. కౌంటర్ దగ్గర జనం నిలబడి ఉండగా బిల్లు పోయేది. కారణం నా కోడ్‌లో ఉందనుకుని రెండు వారాలు వెతికాను. ఇప్పుడు ఎవరైనా ‘లింక్ పెట్టు, సరిపోతుంది’ అంటే నేను గట్టిగా వద్దనేది అందుకే.

ఇక ఆ ఎర్రర్ మెసేజ్ సంగతి. జాబితాలో పేరుండి కూడా లోడ్ కాలేదంటే ఏమిటని అడిగారు కదా, అసలు కిటుకంతా అక్కడే ఉంది. క్యూటీ ప్లగిన్ అంటే మామూలు షేర్డ్ లైబ్రరీయే. అందులో క్యూఎస్‌క్యూఎల్‌డ్రైవర్‌ప్లగిన్ నుంచి డిరైవ్ చేసిన చిన్న క్లాసు ఒకటి ఉంటుంది, దాని క్రియేట్ ఫంక్షన్ అసలు డ్రైవర్ ఆబ్జెక్టును తయారుచేసి ఇస్తుంది. పక్కనే ఒక జేసన్ ఫైలు, అందులో ‘కీస్’ కింద క్యూమైఎస్‌క్యూఎల్, క్యూమరియాడీబీ అని రెండు పేర్లు. కంపైల్ అయ్యేటప్పుడు ఆ జేసన్ సమాచారం, దాంతోపాటు ఏ క్యూటీ వెర్షన్‌తో బిల్డ్ అయిందన్న ముద్ర, రెండూ లైబ్రరీ ఫైల్లోనే ఒక సెక్షన్‌లోకి చేరతాయి. ఎస్‌క్యూఎల్‌డ్రైవర్స్ ఫోల్డర్‌ని వెతికేటప్పుడు క్యూటీ ఆ ఫైళ్లను లోడ్ చేయదు, తెరిచి ఆ సెక్షన్ చదివి పేర్లు రాసుకుంటుందంతే. కనెక్షన్ కోసం యాడ్‌డేటాబేస్ ఫంక్షన్‌ని మీరు పిలిచినప్పుడే నిజంగా లోడ్ చేస్తుంది. అప్పుడు లినక్స్ లోడర్ రంగంలోకి దిగి, ఈ ప్లగిన్‌కి కావలసిన మిగతా లైబ్రరీలు ఏవని చూస్తుంది. ఒక్కటి దొరక్కపోయినా మొత్తం ఆగిపోతుంది.

అంటే జాబితాలో పేరే లేకపోతే ఫైలు ఉండాల్సిన చోట లేదు, లేదా పనికిరాని వెర్షన్ అని క్యూటీ పక్కన పెట్టింది. పేరుండి లోడ్ కాకపోతే ఫైలు ఉంది, దాని కింది లైబ్రరీ లేదు. మీది రెండోది. ఈ తేడా తెలియక చాలామంది మొదటి జబ్బుకి రెండోదాని మందు వాడుతుంటారు.

నిర్ధారణ చేసుకోవాలంటే హోంలోని క్యూటీ ఫోల్డర్‌లో 6.5.3, దానిలో జీసీసీ_64, దానిలో ప్లగిన్స్, దానిలో ఎస్‌క్యూఎల్‌డ్రైవర్స్‌కి వెళ్లి, లిబ్‌క్యూఎస్‌క్యూఎల్‌మైఎస్‌క్యూఎల్.ఎస్ఓ మీద ఎల్‌డీడీ (ఒక ఫైలుకి ఏ లైబ్రరీలు కావాలో, అవి ఎక్కడున్నాయో చూపించే కమాండ్) నడపండి. లింకు తీసేశాక అందులో లిబ్‌మైఎస్‌క్యూఎల్‌క్లయింట్.ఎస్ఓ.21 పక్కన ‘నాట్ ఫౌండ్’ అని కనిపిస్తుంది. క్యూటీ వాళ్లిచ్చిన ప్లగిన్ ఒరాకిల్ వారి మైఎస్‌క్యూఎల్ 8.0 క్లయింట్‌తో లింకై వచ్చింది. డెబియన్ ఏమో 2017లో వచ్చిన 9వ వెర్షన్ నుంచీ మైఎస్‌క్యూఎల్ స్థానంలో మరియాడీబీనే ఇస్తోంది. కాబట్టి ఆ 21 అనే ఫైలు మీ ఆప్ట్‌లో ఎంత వెతికినా రాదు. ఉబుంటు వాడే మిత్రుడికి అదే ప్యాకేజీ వేస్తే పని చేసిందని రాశారు. ఉబుంటు రిపోజిటరీలో ఒరాకిల్ క్లయింట్ ఉంది, అక్కడ ఆ ప్యాకేజీ వెంట అదీ వచ్చేసింది. అంతే తేడా.

మరి డెబియన్ ప్యాకేజీ ఎందుకు పనిచేయలేదు? మీ మెషీన్లో ఇప్పుడు రెండు క్యూటీలున్నాయి. ఒకటి హోంలోని 6.5.3, ఇంకోటి సిస్టంలోని 6.4.2. ఆప్ట్ వేసిన ప్లగిన్ సిస్టం క్యూటీ ఫోల్డర్‌లోకి వెళ్లింది. మీ ప్రోగ్రాం హోంలోని క్యూటీతో లింకైంది కాబట్టి ఆ వైపు చూడనే చూడదు. ఆ ఫైలుని తెచ్చి ఇక్కడ పడేద్దామని అనిపిస్తుంది, దయచేసి వద్దు. పాత మైనర్ వెర్షన్‌తో కట్టిన ప్లగిన్‌ని కొత్త క్యూటీ సాధారణంగా ఒప్పుకుంటుంది, కొత్తదాంతో కట్టినదాన్ని పాతది ఒప్పుకోదు. ఆ లెక్కన 6.4.2ది 6.5.3లో గేటు దాటొచ్చు. కానీ ఎస్‌క్యూఎల్ డ్రైవర్లు క్యూటీ ప్రైవేట్ క్లాసులను వాడతాయి. ప్రైవేట్ క్లాసులకు వెర్షన్ల మధ్య బైనరీ పొత్తు ఉంటుందని క్యూటీ ఎక్కడా మాట ఇవ్వలేదు. మళ్లీ నా బిల్లింగ్ కౌంటర్ కథే.

ఒక దారి ఉంది, చెప్పకపోతే తప్పవుతుంది. మీకు 6.5లోని ప్రత్యేక సౌకర్యమేదీ అక్కర్లేకపోతే, హోంలోని క్యూటీని పక్కనపెట్టి డెబియన్ 6.4.2తోనే ప్రాజెక్టు బిల్డ్ చేసుకోండి. ఆప్ట్ ప్లగిన్ దానికి సరిగ్గా సరిపోతుంది, ఏమీ కంపైల్ చేయక్కర్లేదు. కాలేజీ ప్రాజెక్టుకైతే నేను ఇదే చేయమంటాను. మీరు 6.5 తప్పదన్నారు కాబట్టి ముందుకెళ్దాం.

క్యూటీ మెయింటెనెన్స్ టూల్ తెరిచి 6.5.3 కింద ‘సోర్సెస్’ టిక్ పెట్టండి. సోర్సు సరిగ్గా అదే వెర్షన్ కావాలి, 6.5.2 సోర్సు, 6.5.3 కిట్ లాంటి జోడీలు వద్దు, కారణం పైన చెప్పిన ప్రైవేట్ క్లాసులే. అది హోంలోని క్యూటీలో 6.5.3 కింద ఎస్‌ఆర్‌సీ ఫోల్డర్‌గా దిగుతుంది. తర్వాత ఆప్ట్‌తో బిల్డ్ చేసే పనిముట్లు బిల్డ్-ఎసెన్షియల్, సీమేక్, నింజా-బిల్డ్, వాటితోపాటు లిబ్‌మరియాడీబీ-డెవ్ వేసుకోండి. చివరిది ముఖ్యం. చివర ‘డెవ్’ లేని ప్యాకేజీలో లైబ్రరీ మాత్రమే ఉంటుంది, హెడర్లుండవు, కంపైల్ కాదు.

సోర్స్ ఫోల్డర్ లోపల కాకుండా వేరేచోట ఖాళీ ఫోల్డర్ ఒకటి చేసుకుని అందులోకి వెళ్లండి. అక్కడి నుంచి క్యూటీ-సీమేక్‌ని (క్యూటీతో పాటు వచ్చే సీమేక్ కమాండ్‌ని) పూర్తి పాత్‌తో పిలవాలి, అంటే హోంలోని క్యూటీ, 6.5.3, జీసీసీ_64, బిన్‌లో ఉన్నదాన్ని. ఊరికే సీమేక్ అనో, సిస్టంలోని క్యూటీ-సీమేక్‌నో పిలిస్తే అది 6.4.2ని పట్టుకోవచ్చు, అప్పుడు శ్రమంతా వృథా. దానికి మైనస్ పెద్ద జీ నింజా అని ఇచ్చి, తర్వాత సోర్సు దారి ఇవ్వండి: ఎస్‌ఆర్‌సీలో క్యూటీబేస్, దానిలో ఎస్‌ఆర్‌సీ, దానిలో ప్లగిన్స్, దానిలో ఎస్‌క్యూఎల్‌డ్రైవర్స్. అక్కడితో ఆగాలి. దాని లోపలి మైఎస్‌క్యూఎల్ ఫోల్డర్ దాకా వెళ్లకూడదు, కాన్ఫిగర్ చేసే ఫైళ్లన్నీ పైదాన్లోనే ఉంటాయి.

ఆ తర్వాత మైనస్ పెద్ద డీతో మూడు వేరియబుల్స్. సీమేక్_ఇన్‌స్టాల్_ప్రిఫిక్స్, అన్నీ పెద్దక్షరాలు, విలువ జీసీసీ_64 ఫోల్డర్ పూర్తి పాత్. మైఎస్‌క్యూఎల్_ఇన్‌క్లూడ్_డిర్, విలువ యూఎస్ఆర్ కింద ఇన్‌క్లూడ్ కింద మరియాడీబీ. మైఎస్‌క్యూఎల్_లైబ్రరీ, విలువ యూఎస్ఆర్, లిబ్, ఎక్స్86_64-లినక్స్-జీఎన్‌యూ కింద ఉన్న లిబ్‌మరియాడీబీ.ఎస్ఓ ఫైలు పూర్తి పాత్. ఇక్కడ ఫోల్డర్ ఇస్తే చాలదు, ఫైలే ఇవ్వాలి. ఈ చివరి రెండు పేర్లలో వై అక్షరం ఒక్కటే చిన్నది, మిగతావన్నీ పెద్దవి. వై కూడా పెద్దదిగా కొట్టారనుకోండి, సీమేక్ దాన్ని వేరే వేరియబుల్ అనుకుని పట్టించుకోదు. ‘వేరియబుల్ వాడలేదు’ అని చివర్లో ఒక హెచ్చరిక వేస్తుంది కానీ అంత పొడుగు ఔట్‌పుట్‌లో దాన్ని చూసేదెవరు.

కాన్ఫిగర్ అయ్యాక ఒక పట్టిక వస్తుంది. డీబీ2, ఇంటర్‌బేస్, మైఎస్‌క్యూఎల్, ఓసీఐ, ఓడీబీసీ, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్ అని వరుసగా, ఎదురుగా ‘ఎస్’ లేదా ‘నో’. మైఎస్‌క్యూఎల్ ఎదురుగా ‘ఎస్’ చూసేదాకా ముందుకు పోవద్దు. మిగతావి ‘నో’ అని ఉన్నా మీకు నష్టం లేదు. మైఎస్‌క్యూఎల్ ‘నో’ అని వస్తే పాత్‌లు సరిచేసి మళ్లీ నడుపుతారు కదా, అప్పుడు కూడా ‘నో’నే రావచ్చు. సీమేక్ మొదటిసారి దొరకలేదన్న ఫలితాన్ని కాష్‌లో దాచుకుంటుంది, రెండోసారి వెతకదు. బిల్డ్ ఫోల్డర్‌లో ఉన్నదంతా తుడిచేసి మొదట్నుంచి కాన్ఫిగర్ చేయండి. ‘అన్నీ సరిగ్గానే ఇచ్చాను అన్నా’ అని నాకు ఫోన్ చేసిన వాళ్లలో చాలామందికి ఇలా తుడిస్తే చాలు, సరైపోయింది.

‘ఎస్’ వచ్చాక సీమేక్ మైనస్‌మైనస్ బిల్డ్, చుక్క. అది అయ్యాక ఇన్‌స్టాల్ చేసే ముందు ఇప్పుడున్న ఎస్‌క్యూఎల్‌డ్రైవర్స్ ఫోల్డర్‌ని అలాగే వేరేచోటికి కాపీ చేసుకోండి. ఎందుకంటే ఎస్‌క్యూలైట్ ప్లగిన్ కూడా వెంట బిల్డయ్యి, ఇన్‌స్టాల్‌లో పాతదాని మీద పడుతుంది. ఆ కాపీ ప్లగిన్స్ ఫోల్డర్ బయట ఉండాలి. లోపల పాత ఫైలుని వేరే పేరుతో పెట్టినా క్యూటీ ఫైలు పేరు చూడదు, జేసన్‌లోని పేరే చూస్తుంది. అప్పుడు సీమేక్ మైనస్‌మైనస్ ఇన్‌స్టాల్, చుక్క. క్యూటీ హోంలోనే ఉంది కాబట్టి సుడో అక్కర్లేదు, వాడొద్దు కూడా. వాడితే ఫైళ్లు రూట్ సొంతమై రేపు మెయింటెనెన్స్ టూల్ అప్‌డేట్ దగ్గర మొరాయిస్తుంది.

మళ్లీ ఎల్‌డీడీ. ఈసారి రెండు వరుసలు చూడాలి. లిబ్‌మరియాడీబీ.ఎస్ఓ.3 ఎదురుగా సిస్టం లిబ్ పాత్ ఉండాలి. లిబ్‌క్యూటీ6ఎస్‌క్యూఎల్.ఎస్ఓ.6 ఎదురుగా మీ హోంలోని జీసీసీ_64 కింది లిబ్ ఉండాలి. రెండోది సిస్టం పాత్ చూపిస్తే మీరు వేరే క్యూటీ-సీమేక్‌తో కట్టారని అర్థం. రెండూ సరిగ్గా ఉంటే ప్రోగ్రాం నడపండి, లోడవుతుంది.

కాకపోతే క్యూటీ_డీబగ్_ప్లగిన్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 1 చేసి టెర్మినల్ నుంచే ప్రోగ్రాం నడపండి. ఆ పేరంతా పెద్దక్షరాలు. వందల వరుసలు పారతాయి, ‘ఎస్‌క్యూఎల్‌డ్రైవర్స్’ ఉన్న చోటు నుంచి చదవండి. ఏ ఫోల్డర్లో వెతికింది, ఏ ఫైలు తెరిచింది, ఎందుకు వద్దనుకుంది, అన్నీ అదే చెబుతుంది. క్యూటీ క్రియేటర్‌లో నడిచి టెర్మినల్లో నడవకపోతే క్రియేటర్ లైబ్రరీ పాత్‌లు తనంతట తాను కలుపుతోందని గుర్తుపెట్టుకోండి. ఇంకోటి, క్యూకోర్‌అప్లికేషన్ ఆబ్జెక్టు పుట్టకముందే యాడ్‌డేటాబేస్ పిలవకూడదు. ప్లగిన్లు ఎక్కడున్నాయో క్యూటీ తెలుసుకునేది ఆ ఆబ్జెక్టు ద్వారానే. గ్లోబల్ వేరియబుల్‌గా డేటాబేస్ కనెక్షన్ పెట్టినవాళ్లకి ప్లగిన్ ఎంత బాగున్నా ఇదే ఎర్రర్ వస్తుంది.

క్యూటీ 5 వాడేవాళ్లకి ఒక్క మాట. అక్కడ క్యూమేక్. దాన్ని కూడా పై ఎస్‌క్యూఎల్‌డ్రైవర్స్ ఫోల్డర్‌లోనే నడిపి, రెండు మైనస్‌ల తర్వాత మైఎస్‌క్యూఎల్_ఇన్‌క్‌డిర్, మైఎస్‌క్యూఎల్_లిబ్‌డిర్ ఇచ్చి, మేక్ సబ్-మైఎస్‌క్యూఎల్ చేయాలి. ఇక్కడ అన్నీ పెద్దక్షరాలే. పాత ట్యుటోరియల్స్ చూసి మైఎస్‌క్యూఎల్ ఫోల్డర్‌లోని ప్రో ఫైలు మీద నేరుగా నడిపితే ‘లైబ్రరీ మైఎస్‌క్యూఎల్ ఈజ్ నాట్ డిఫైన్డ్’ అని వస్తుంది. క్యూటీ 4 నాటి పద్ధతి అది.

డ్రైవర్ లోడయ్యాక మీకు ‘యాక్సెస్ డినైడ్ ఫర్ యూజర్ రూట్’ అని రావచ్చు. కంగారు పడొద్దు, అది శుభవార్త. ప్లగిన్ పనిచేసి సర్వర్ దాకా వెళ్లి మాట్లాడిందని అర్థం. డెబియన్ మరియాడీబీలో రూట్ యూజర్‌ని లినక్స్ రూట్ ఖాతా ద్వారానే లోపలికి రానిస్తారు. సుడో మరియాడీబీ అని లోపలికెళ్లి మీ ప్రోగ్రాంకి వేరే యూజర్, పాస్‌వర్డ్ చేసి, ఆ ఒక్క డేటాబేస్ మీద హక్కులివ్వండి. హోస్ట్‌నేమ్‌గా లోకల్‌హోస్ట్ ఇస్తే క్లయింట్ యూనిక్స్ సాకెట్ వాడుతుంది, 127.0.0.1 ఇస్తే టీసీపీ వాడుతుంది. ఒకదాంతో కలిసి ఇంకోదాంతో కలవకపోతే అక్కడ చూడండి.

పేర్లు తెలుగులోనే దాస్తానన్నారు. మంచి పని, నేనూ అదే కోరుకుంటాను. టేబుల్ క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అయి ఉండాలి. లాటిన్1 టేబుల్ అయితే ఇన్సర్ట్ విఫలమవుతుంది, లేదా సర్వర్ సెట్టింగులను బట్టి అక్షరాల బదులు వరుసగా ప్రశ్నార్థకాలు చేరతాయి, అలా పోయిన డేటా తిరిగి రాదు. కాలమ్ పొడవు పెట్టేటప్పుడు ఒకటి గమనించండి. ‘శ్రీకాకుళం’ మన కంటికి నాలుగక్షరాలు: శ్రీ, కా, కు, ళం. డేటాబేస్‌కి పది. శ, పొల్లు, ర, దీర్ఘం ఈ, క, దీర్ఘం ఆ, క, కొమ్ము, ళ, సున్న. ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం ముప్ఫై. క్యూస్ట్రింగ్ పొడవు అడిగినా పదే చెబుతుంది. ఊరి పేరుకి వార్‌చార్ 20 చాలనుకుంటే పొడుగు పేర్లు తెగుతాయి లేదా ఇన్సర్ట్ విఫలమవుతుంది. నేను ఊళ్లకి, మనుషుల పేర్లకి 100కి తక్కువ పెట్టను.

చివరగా, ఈ ప్రోగ్రాంని తర్వాత ఇంకో ఆఫీసులో మైఎస్‌క్యూఎల్ 8 సర్వర్‌కి కలపాలన్నారు. మైఎస్‌క్యూఎల్ 8.0లో కొత్త యూజర్లకి డిఫాల్ట్ పద్ధతి కాషింగ్_షా2_పాస్‌వర్డ్. దానికి కావలసిన కోడ్‌ని మరియాడీబీ క్లయింట్ విడి ఫైలుగా, కనెక్షన్ సమయంలో లోడ్ చేసుకుంటుంది. డెబియన్‌లో అది లిబ్‌మరియాడీబీ3 కింద ప్లగిన్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. ఎల్‌డీడీ దాన్ని చూపించదు. మీరు ఎల్‌డీడీ చూసి లైబ్రరీలు ఏరి ప్యాకేజీలో పెడితే ఇదొక్కటీ మిగిలిపోతుంది, అక్కడికెళ్లాక ‘అథెంటికేషన్ ప్లగిన్ లోడ్ కాలేదు’ అంటుంది. అవతలి మెషీన్ కూడా డెబియన్ అయితే లిబ్‌మరియాడీబీ3 ప్యాకేజీని అక్కడే ఆప్ట్‌తో వేయించడం మేలు, అన్నీ వాటి చోట్లలో ఉంటాయి. అవతలిది మీకంటే పాత డిస్ట్రో అయితే జీలిబ్‌సీ (లినక్స్ ప్రోగ్రాంలన్నిటి కింద ఉండే మూల సీ లైబ్రరీ) వెర్షన్ చాలదని మొరాయించవచ్చు. అప్పుడు ఆ పాత డిస్ట్రో కంటైనర్‌లోనే ప్లగిన్, ప్రోగ్రాం రెండూ బిల్డ్ చేయాలి.

ఇవన్నీ చేశాక కూడా లోడవకపోతే మూడు పెట్టండి: కాన్ఫిగర్ పట్టిక, కొత్త ప్లగిన్ మీద ఎల్‌డీడీ ఔట్‌పుట్ మొత్తం, డీబగ్ ప్లగిన్స్ ఔట్‌పుట్‌లో ఎస్‌క్యూఎల్‌డ్రైవర్స్ భాగం. స్క్రీన్‌షాట్ కాకుండా టెక్స్ట్‌గా పెడితే త్వరగా చూసి చెబుతాను.